గోతిలో దొరికిన గుండీలు

2001 చివరి నెలలు. లిథువేనియా రాజధాని విల్నియస్‌కు ఉత్తరాన, ఒకప్పుడు సోవియట్ సైన్యం బారకాసులున్న చోట, కొత్త కట్టడాల కోసం నేల తవ్వుతున్నారు. యంత్రం పార కింద ఎముకలు తేలాయి. పని ఆపి చేత్తో మట్టి తీస్తే మరికొన్ని, వాటి కింద ఇంకొన్ని. తల ఎటో కాలు ఎటో చూడకుండా ఒకరి మీద ఒకరిని పడేసిన మనుషులు. లెక్క తేలేసరికి మూడు వేలు దాటింది.

ఆ ఊరివాళ్లకు మొదట వచ్చిన అనుమానం వేరు. ఇరవయ్యో శతాబ్దంలో విల్నియస్ రెండు ఘోరాలు చూసింది. నాజీలు యూదులను వేలకు వేలుగా చంపి గోతుల్లో పూడ్చారు. ఆ తర్వాత సోవియట్ రహస్య పోలీసులు తమకు గిట్టనివాళ్లను చంపి గుట్టుగా పాతిపెట్టారు. మరి ఈ గొయ్యి ఎవరి పాపం? ఇంటి మనిషి ఏమయ్యాడో తెలియని కుటుంబాలు ఎన్నో ఉన్న ఊళ్లో ఈ ప్రశ్న వేయడానికే గుండె పీకుతుంది.

దానికి జవాబు ఓ చిన్న గుండీ చెప్పింది. కానీ ఆ జవాబు వెనుక ఇంకో ప్రశ్న దాగి ఉంది. అది విప్పడానికి మరో పాతికేళ్లు పట్టింది.

మొదటి ఆధారం: గుండీ

మట్టి దులిపితే చిన్న లోహపు బిళ్ల, దాని మీద ఓ అంకె. అది సిపాయి కోటు గుండీ. అంకె అతని రెజిమెంటు నంబరు. అలాంటివి ఒకటొకటిగా చాలా దొరికాయి, నంబర్లు వేరువేరు. నెపోలియన్ బొమ్మ ముద్రించిన నాణేలూ దొరికాయి. దాంతో గొయ్యి వయసు ఒక్కసారిగా నూట తొంభై ఏళ్లు వెనక్కి జరిగింది. వీళ్లు 1812లో రష్యా మీదికి వెళ్లిన నెపోలియన్ మహాసైన్యంలోని వాళ్లు.

1812 జూన్ 24న ఆ సైన్యం నీమన్ నది దాటింది. యూరప్ అంత పెద్ద దండును అప్పటిదాకా చూడలేదు. దండయాత్ర మొత్తం మీద ఆరు లక్షల మంది దాకా పాల్గొన్నారని చరిత్రకారుల అంచనా. ఫ్రెంచివాళ్లతోపాటు పోలండ్, జర్మన్, ఇటాలియన్ ప్రాంతాల యువకులూ అందులో ఉన్నారు. నాలుగు రోజుల్లో విల్నియస్ చేరారు. సెప్టెంబరు 7న బొరొదినో దగ్గర ఘోరయుద్ధం చేశారు. సెప్టెంబరు 14న మాస్కోలో అడుగుపెట్టారు. తగలబడిన ఊరూ, లొంగని రాజూ తప్ప వాళ్లకు అక్కడ దక్కింది ఏమీ లేదు. అక్టోబరు 19న వెనుదిరిగారు. డిసెంబరు 5న నెపోలియన్ సైన్యాన్ని దారిలోనే వదిలి పారిస్‌కు బయలుదేరాడు. మిగిలినవాళ్లు కాళ్లీడ్చుకుంటూ 8, 9 తేదీల్లో మళ్లీ విల్నియస్ చేరారు. అలా చేరినవాళ్లు సుమారు పాతిక వేలు. వాళ్లలో బతికి బయటపడింది మూడు వేల మంది.

నేల గడ్డకట్టి గునపం దిగని చలికాలం అది. ఇన్ని శవాలను ఎక్కడ పూడ్చాలి? దండయాత్ర మొదట్లో ఊరి కాపలాకని ఫ్రెంచివాళ్లే తవ్వుకున్న కందకాలు సిద్ధంగా ఉన్నాయి. అందులోనే వేశారు.

ఎవరన్నది తేలింది. ఇక మిగిలింది రెండో ప్రశ్న. వీళ్లు ఎలా చనిపోయారు?

రెండో ఆధారం: గాయం లేని ఎముక

యుద్ధంలో చనిపోయిన సిపాయి ఎముక మీద ఆ గుర్తు ఉండాలి. కత్తి దెబ్బకు పుర్రె పగులుతుంది, తూటాకు ఎముక చిట్లుతుంది. విల్నియస్ విశ్వవిద్యాలయం మానవ శాస్త్రవేత్త రిమాంతాస్ యాన్కౌస్కాస్ బృందం ఆ ఎముకలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. అవి ఎక్కువగా యువకులవి. కొద్దిమంది ఆడవాళ్లవీ ఉన్నాయి. ఆ రోజుల్లో సైన్యం వెంట వంటకూ, బట్టలుతకడానికీ, అమ్మకానికీ ఆడవాళ్లు నడిచేవారు. చావుకు కారణమనదగ్గ యుద్ధగాయాలు మాత్రం అరుదు. కొన్ని దేహాలు మోకాళ్లు గుండెకు ముడుచుకున్న భంగిమలో ఉన్నాయి. ప్రాణం ఎలా పోయిందో అలాగే గడ్డకట్టి, అలాగే గోతిలోకి దిగాయన్నమాట.

ఈ ఎముకలకు తోడు ఒక కంటిసాక్షి కూడా ఉన్నాడు. రష్యా సైన్యంతో ఉన్న బ్రిటిష్ అధికారి రాబర్ట్ విల్సన్ ఆ డిసెంబరులో విల్నియస్‌లో ఒక మఠాన్ని చూశాడు. దాన్ని ఆసుపత్రిగా మార్చారు. నడవాల్లో శవాలు గుట్టలుగా పడి ఉన్నాయనీ, పగిలిన కిటికీల్లోంచి చలిగాలి రాకుండా శవాల కాళ్లూ చేతులూ మొండేలూ ఆ సందుల్లో కుక్కారనీ రాశాడు. ఆ గోడల మధ్య ఇంకా ఊపిరి ఉన్నవాళ్లూ ఉన్నారు. పక్కనున్న శవమే వాళ్లకు గోడ, పక్కనున్న శవం కోటే వాళ్లకు దుప్పటి.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. చిక్కుముడి కొస అందులోనే ఉంది.

మూడో ఆధారం: సన్నబడే గీత

నెపోలియన్‌ను ఓడించింది రష్యా చలికాలమేనని రెండు వందల ఏళ్లుగా అందరూ చెప్పుకునే మాట. మనం బడిలో చదివిన పాఠంలోనూ అదే ఉంది. ఇది ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి ఒక పటం చూద్దాం.

షార్ల్ జోసెఫ్ మినార్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1869లో ఈ దండయాత్ర మొత్తాన్ని ఒకే కాగితం మీద గీశాడు. సైన్యం వెళ్లిన దారి ఒక పట్టీ. ఆ పట్టీ వెడల్పే మనుషుల సంఖ్య. నీమన్ దగ్గర నాలుగు లక్షల ఇరవై రెండు వేలు, అంటే కాగితం మీద వేలెడు మందం. మాస్కో చేరేసరికి లక్ష. తిరుగుదారిలో నల్లటి పట్టీ సన్నబడుతూ, సన్నబడుతూ, చివరికి పది వేల దగ్గర దారప్పోగైపోతుంది. కింద చలి కొలతలు ఇచ్చాడు. ఆ కాలపు రేమూర్ లెక్కలో మైనస్ 30 దాకా, మన సెల్సియస్ లెక్కలో మైనస్ 37కు పైమాటే.

పటాన్ని నిదానంగా చూస్తే చలి లెక్కలు తిరుగుదారి కిందే ఉన్నాయని తెలుస్తుంది. పట్టీ బాగా చిక్కిపోయింది మాత్రం వెళ్లే దారిలోనే, ఎండాకాలంలోనే. తగ్గినవాళ్లందరూ చనిపోలేదు, కొందరిని దారి పొడవునా కాపలాకు నిలిపారు, కొన్ని దళాలు వేరే దారి పట్టాయి. ఆ లెక్క తీసేసినా ఖాళీ పూడదు. బొరొదినో యుద్ధానికి ముందే, మంచు ముక్క రాలకముందే, సైన్యం జ్వరాలతో, విరేచనాలతో పిట్టల్లా రాలిపోతోంది.

చలి చంపలేదని కాదు. వేల మందిని చంపింది. కానీ చలి రావడానికి ముందే ఎవరో ఆ సైన్యంలోకి దూరారు. జూన్ ఎండలో మొదలుపెట్టి డిసెంబరు మంచులోనూ ఆపని వాళ్లు. వాళ్లెవరు?

నాలుగో ఆధారం: ఆసుపత్రి గడప

దీనికి సమాధానం దొరికిన చోటు రష్యాకు చాలా దూరం. ఉత్తర ఆఫ్రికాలోని ట్యునిస్ నగరం.

ఆ ఊళ్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో టైఫస్ అనే జ్వరం ఏటా వచ్చేది. పేరు వినగానే మనకు టైఫాయిడ్ గుర్తొస్తుంది గానీ, ఇది వేరు. తీవ్రమైన జ్వరం, భరించలేని తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు, సంధి ప్రేలాపన. ఈమధ్య మన పత్రికల్లో కనిపిస్తున్న స్క్రబ్ టైఫస్ దీనికి దూరపు చుట్టమే, కానీ అది పొదల్లోని సన్నటి పురుగు కుట్టడం వల్ల వస్తుంది, మనిషి నుంచి మనిషికి పాకదు. ట్యునిస్‌లోది జైళ్లలో, పేదల వాడల్లో, శిబిరాల్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జ్వరం.

అక్కడి పరిశోధన సంస్థ అధిపతి షార్ల్ నికోల్‌కు ఒక విచిత్రం కంటపడింది. రోగి ఇంట్లో ఉన్నంతసేపూ ఇంట్లోవాళ్లకు అంటుకుంటోంది. అతన్ని తీసుకొచ్చినవాళ్లకు అంటుకుంటోంది. చేర్చుకునేటప్పుడు అతని బట్టలు తీసుకునేవాళ్లకు, ఆ బట్టలుతికేవాళ్లకు అంటుకుంటోంది. కానీ స్నానం చేయించి, ఆసుపత్రి బట్టలు తొడిగి, లోపల వార్డులో పడుకోబెట్టాక పక్క మంచం మీదివాడికి అంటుకోవడం లేదు. రోగి అతనే, జ్వరం అదే. బయట ఉండి లోపల లేనిది ఏమిటి?

ఒంటి మీది బట్టలు. వాటిలో ఉండే పేలు.

1909లో నికోల్ కోతుల మీద ప్రయోగం చేసి ఈ మాట రుజువు చేశాడు. ఆ పనికి 1928లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ ప్రయోగానికి పన్నెండేళ్ల ముందు, 1897 ఆగస్టులో, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రోగం గాలిలో వస్తుందని, చెడువాసనలో వస్తుందని నమ్మిన కాలం అలా ఒక్కో పురుగుతో ముగిసింది.

పేను అంటే మనకు తెలిసింది తలలోది. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని, పేలదువ్వెన తీసుకుని, పిల్ల తల ఒళ్లో పెట్టుకుని పేలు చూడడం, దొరికినదాన్ని రెండు గోళ్ల మధ్య టక్కున కుక్కడం మన ఇళ్లలో అందరూ ఎరిగిన దృశ్యం. టైఫస్ మోసేది దాని తోబుట్టువు. బట్టల పేను. చీరపేను అని పాత మాట. అది బట్టల కుట్టుల్లో, మడతల్లో గుడ్లు పెడుతుంది, ఆకలేసినప్పుడు ఒంటి మీదికొచ్చి రక్తం పీల్చి మళ్లీ బట్టలోకి పోతుంది. వేడినీళ్లలో బట్టలుతికితే చస్తుంది. కాబట్టి అది బతకాలంటే మనిషి ఒకే బట్ట రోజుల తరబడి విప్పకుండా ఉండాలి.

ఇంకో సంగతి. దానికి మామూలు ఒంటి వేడే సుఖం. జ్వరం బాగా పెరిగితే ఆ ఒంటి మీద ఉండలేదు. మనిషి చనిపోయి ఒళ్లు చల్లబడితే అసలే ఉండలేదు. రెండు సందర్భాల్లోనూ దిగి పక్క మనిషిని వెతుక్కుంటుంది. ఇప్పుడు విల్నియస్ మఠాన్ని తలుచుకోండి. చలికి ఒకరినొకరు అతుక్కుని పడుకున్న సిపాయిలు. చనిపోయినవాడి కోటు విప్పి తొడుక్కున్న సిపాయిలు. ఆ కోటు కుట్టుల్లో ఆకలితో ఉన్న పేలు.

ఐదో ఆధారం: రెండు కిలోల మట్టి

ఇదంతా ఊహగా బాగానే ఉంది. రుజువేది? రెండు వందల ఏళ్ల క్రితం చనిపోయినవాడికి జ్వరం వచ్చిందని ఎముక చెప్పదు కదా.

ఎముక చెప్పకపోయినా పన్ను చెబుతుంది. పంటి లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది, దానిలోకి రక్తనాళాలు వెళతాయి. మనిషి చనిపోయే వేళ రక్తంలో ఏ క్రిమి తిరుగుతోందో అది ఆ గుజ్జులోనూ ఉంటుంది. తర్వాత గుజ్జు ఎండిపోతుంది, చుట్టూ ఉన్న గట్టి పెంకు మాత్రం నిలుస్తుంది. మూత బిగించిన భరిణలాగా పన్ను ఆ చివరి రోజు రక్తపు ఆనవాలును దాచి ఉంచుతుంది.

ఫ్రాన్స్‌లోని మార్సేకి చెందిన దిదియే రవూల్ బృందం విల్నియస్ గోతిలోంచి 35 మంది సిపాయిల పళ్లు తీసుకుంది. ఎముకల ముక్కలూ బట్టల పీలికలూ కలిసిన రెండు కిలోల మట్టినీ జల్లించింది. ఆ మట్టిలో బట్టల పేల ముక్కలు ఐదు దొరికాయి. రెండు శతాబ్దాల నాటి పేలు! వాటిలో మూడింటిలో కందకాల జ్వరం క్రిమి డీఎన్‌ఏ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో బతికిన సిపాయిలను లక్షల్లో మంచాన పడేసిన జ్వరమది. పళ్లలో చూస్తే ఏడుగురిలో అదే క్రిమి, ముగ్గురిలో టైఫస్ క్రిమి. 2006లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

హంతకుడు దొరికాడని అందరూ అనుకున్నారు. పేను, దాని కడుపులో టైఫస్. వైద్య చరిత్రకారులు అప్పటికే అనుమానించింది అదే కాబట్టి పత్రికలూ పుస్తకాలూ ఆ మాటనే స్థిరపరిచాయి. కేసు మూసేశారు.

ఆరో ఆధారం: పదమూడు మంది పళ్లు

2025లో కేసు మళ్లీ తెరుచుకుంది. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు రెమి బార్బియెరి, నికొలాస్ రస్కోవాన్, వాళ్ల సహచరులు అదే గోతిలోని 13 మంది సిపాయిల పళ్లు పరీక్షించారు. ఈసారి పద్ధతి వేరు.

2006 నాటి పరీక్ష, పాత నేరస్థుల ఫోటోలు చేతబట్టుకుని వీధి వీధి తిరిగే పోలీసు పద్ధతి లాంటిది. ఫలానా క్రిమి ఉందా అని అడిగితే ఉందనో లేదనో చెబుతుంది. అడగని క్రిమి ఎదురుగా నిలబడినా గుర్తుపట్టదు. 2025 పద్ధతిలో ఎవరి ఫోటో పట్టుకోరు. పంటిలో మిగిలిన డీఎన్‌ఏ తునకలన్నీ, ఎవరివైనా సరే, చదివి ఏ తునక ఏ జీవిదో తర్వాత పోల్చుకుంటారు.

అలా చదివితే టైఫస్ కనిపించలేదు. కందకాల జ్వరమూ కనిపించలేదు. నలుగురిలో పారాటైఫాయిడ్ క్రిమి ఉంది. ఇద్దరిలో తిరగబెట్టే జ్వరం క్రిమి ఆనవాళ్లు ఉన్నాయి. ఆ గోతిలో ఉంటాయని అంతకు ముందు ఎవరూ అడగని పేర్లు రెండూ.

పారాటైఫాయిడ్ మనకు తెలిసిన టైఫాయిడ్‌కు దగ్గరి బంధువు. రోగి మలంలోంచి నీళ్లలోకి, తిండిలోకి చేరి, అక్కడ నుంచి మరొకరి కడుపులోకి వెళుతుంది. ఆ దండుతో నడిచిన ఓ వైద్యుడి జ్ఞాపకాల్లో దీనికి తగ్గ సాక్ష్యం ఉంది. తిరుగుదారిలో ఓర్షా ఊరి నుంచి విల్నియస్ దాకా దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉప్పులో ఊరబెట్టిన బీట్‌రూట్ దుంపల పీపాలు కనిపించాయనీ, సిపాయిలు ఆ దుంపలు తిని, దాహమేస్తే ఆ రసమే తాగి, కడుపు చెడి అల్లాడిపోయారనీ ఆయన రాశాడు. ఒకే పీపాలో ఎన్ని వందల చేతులు ముంచారో! ఆకలితో, దాహంతో, చలికి కొయ్యబారిన వేళ్లతో, నాలుగు రోజులుగా నీళ్లు తగలని చేతులతో.

తిరగబెట్టే జ్వరం పేరులోనే దాని గుణం ఉంది. నాలుగైదు రోజులు కాచి తగ్గుతుంది. గండం గడిచిందని లేచి కూర్చునేసరికి మళ్లీ వస్తుంది. మోసేది ఇదివరకటి పేనే. కానీ అంటుకునే తీరు వేరు. క్రిమి పేను ఒంట్లోని రసంలో ఉంటుంది. పేను చితికినప్పుడు ఆ రసం బయటికొచ్చి, గోకుడు గాటులోంచి లోపలికి దిగుతుంది. మన అరుగు మీది దృశ్యాన్ని మళ్లీ తలుచుకోండి. నెగడు ముందు చొక్కా విప్పి, కుట్టుల్లోని పేలను రెండు గోళ్ల మధ్య కుక్కుతున్న సిపాయి. దురద వదిలించుకునే ఆ పనే అతని గోళ్ల సందుల్లోకి రోగాన్ని తెచ్చింది.

మరి 2006 ఫలితం తప్పా? అలా అనలేం, కొత్త బృందమూ అనలేదు. మూడు వేల మందికి పైగా ఉన్న గోతిలో 13 మంది పళ్లు చూస్తే ఆ 13 మంది సంగతే తెలుస్తుంది. టైఫస్ ఆ పక్కవాడిలో ఉండవచ్చు. పాత పరీక్షకూ కొత్త పరీక్షకూ మధ్య కచ్చితత్వంలో తేడా ఉన్న మాట నిజమే. కానీ రెంటినీ కలిపి చదివితే కనిపించేది ఒక పెద్ద విషయం. ఒకే గోతిలో, ఒకే చలికాలంలో, కనీసం రెండు దారుల్లో వచ్చిన నాలుగు రోగాల పేర్లు బయటికొచ్చాయి. కొన్ని బట్టల దారిన వచ్చాయి. ఒకటి నోటి దారిన వచ్చింది.

ముడి విడే చోటు

ఇంతవరకు అందరం ఒక్క హంతకుడి కోసం వెతికాం. అక్కడే పొరపాటు జరిగింది.

రోగాలు నాలుగైనా వాటికి తలుపు తీసినవి ఒకే రకం లోటులు. మారుబట్ట లేదు. వేడినీళ్లు లేవు. మురుగుకు దూరంగా తాగేనీరు లేదు. వేల మంది ఒకచోట కిక్కిరిసి పడుకోక తప్పదు. తిండి లేక ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి లేదు. రోగిని విడిగా ఉంచే చోటు లేదు, చూసేందుకు చాలినంతమంది వైద్యులు లేరు. పైగా ఆ గుంపు ఒకచోట ఆగదు, ఊరి నుంచి ఊరికి నడుస్తూనే ఉంటుంది. ఇన్ని లోటులను ఒకేసారి, ఇంతమంది మీద, ఇంత తక్కువ కాలంలో తెచ్చిపెట్టగలది యుద్ధమే. ఆ ఏడాది ఆ దారిలో ఏ క్రిమి ఎదురైతే అది లోపలికొచ్చింది. టైఫస్ లేకపోతే తిరగబెట్టే జ్వరం, అదీ లేకపోతే పారాటైఫాయిడ్.

ఆ నడక సరిహద్దు దగ్గర ఆగలేదు కూడా. బతికి బయటపడ్డవాళ్లు తమ కోట్లతో, కోట్లలోని పేలతో పడమరకు వెళ్లారు. వాళ్లు తలదాచుకున్న ఊళ్లన్నిటా జ్వరం వెలిగింది. 1813 చివర్లో రైన్ నది ఒడ్డున మైంజ్ నగరంలో చిక్కుకున్న ఫ్రెంచి సైన్యంలో వేలాది మంది టైఫస్‌తో చనిపోయారు. ఊరివాళ్లూ వాళ్లతోపాటే పోయారు. తుపాకీ ముట్టనివాళ్లు, ఆ దండయాత్ర ఎందుకో తెలియనివాళ్లు.

తలుపు మూస్తే రోగం ఆగుతుందా? ఆగుతుందని చరిత్ర ఒకసారి తిరగేసి చూపించింది. 1943 చివర, రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, ఇటలీలోని నేపుల్స్‌లో టైఫస్ చెలరేగింది. బాంబులకు ఇళ్లు కూలి, నీళ్ల గొట్టాలు పగిలి, జనం నేలమాళిగల్లో కిక్కిరిసి ఉన్నారు. మిత్రసేనల ఆరోగ్య సిబ్బంది జనాన్ని వరసలో నిలబెట్టి, చొక్కా మెడలోంచి, చేతుల్లోంచి డీడీటీ వంటి పేలమందు పొడి ఊదారు. అలా పది లక్షల మందికి పైగా. చలికాలం గడవకముందే టైఫస్ తగ్గుముఖం పట్టింది. బాంబులు ఆగలేదు, చలి తగ్గలేదు. తీసేసింది ఒక్క పేనును. నికోల్ ఆసుపత్రి గడప దగ్గర చూసిన సత్యం ఒక నగరమంతటికీ వర్తించింది.

ఇప్పటి గోతులు

ఇది పాత కథ అనుకుంటే 1990లలో బురుండి ఏం చెప్పిందో వినాలి. 1993లో ఆ చిన్న ఆఫ్రికా దేశంలో అంతర్యుద్ధం రేగింది. లక్షల మంది కొండల మీది శిబిరాల్లో తలదాచుకున్నారు. చలి, ఒకే బట్ట, ఇరుకు. ముందు ఓ జైలులో, తర్వాత శిబిరాల్లో ఓ జ్వరం మొదలైంది. అది టైఫస్. 1997లో నలభై వేలకు పైగా అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. అదే శిబిరాల్లో అవే పేలలో కందకాల జ్వరం క్రిమీ కనిపించింది. విల్నియస్ గోతిని తేల్చిన రవూల్ బృందమే అంతకు ముందు బురుండిలో ఈ జంటను చూసింది. 1812కూ 1997కూ మధ్య నూట ఎనభై అయిదేళ్లు, వేల మైళ్లు. తలుపు అదే, లోపలికొచ్చినవాళ్లూ వాళ్లే.

అయితే బురుండి శిబిరాల్లో ఉన్నదొకటి నెపోలియన్ సిపాయికి లేదు. డాక్సీసైక్లిన్ అనే మందు, ఒక్క మోతాదుతో టైఫస్‌ను దించగలిగేది. అది టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో బయటికొచ్చింది. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనను ముందుండి నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు లోకానికి తెలిసిన ఏడాదే ఆయన కన్నుమూశారు. పేలు తెచ్చే ఈ జ్వరాల మీద ఇంతకంటే మంచి ఆయుధం ఈనాటికీ తక్కువే. గోదావరి తీరంలో మొదలైన ఓ జీవితం, బురుండి కొండ మీద ఎవరో తల్లి బిడ్డకు ఊపిరి పోసింది. ఈ కథలో నాకు ధైర్యమిచ్చే చోటు ఇదొక్కటే.

ఎందుకంటే మందు ఉన్నా తలుపు తెరిచే ఉంటోంది. యెమెన్‌లో యుద్ధం నీటి పంపులనూ మురుగు శుద్ధినీ దెబ్బతీసింది. 2016 చివర్లో కలరా మొదలైంది, 2017 ముగిసేసరికి అనుమానిత కేసులు పది లక్షలు దాటాయి. పేను స్థానంలో బిందెడు నీళ్లు, అంతే తేడా. 2024లో గాజాలో మురుగునీటిలో పోలియో వైరస్ దొరికింది. ఆగస్టులో పది నెలల పసివాడి కాలు చచ్చుబడింది. పాతికేళ్లుగా ఆ నేల మీద కనిపించని రోగం. సెప్టెంబరులో చుక్కల మందు వేయడానికి రోజుకు కొన్ని గంటల పాటు, ప్రాంతాల వారీగా పోరు ఆపారు. ఆ గంటల్లోనే ఆరోగ్య కార్యకర్తలు మొదటి విడతలో అయిదున్నర లక్షల మందికి పైగా పిల్లలకు చుక్కలు వేశారు. తుపాకీ కొద్ది గంటలు ఆగితే చాలు, ఇన్ని లక్షల ఇళ్ల తలుపులు మూసుకోగలవు. ఆగకపోతే ఏమవుతుందో విల్నియస్ గోతిలో చూశాం.

మన ఇళ్లలో బయటి నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని గడప దాటడం ఒక అలవాటు. చావింటికి వెళ్లొస్తే స్నానం చేసి, కట్టిన బట్ట తడిపి గానీ లోపలికి రారు. మడి అనో ఆచారమనో మనం పెట్టుకున్న పేర్లు ఏవైనా, నికోల్ ట్యునిస్ ఆసుపత్రి దగ్గర చూసింది అచ్చం ఇదే. బట్ట బయట విడిచి, నీళ్లు పోసుకుని దాటినవాడి వెంట రోగం లోపలికి రాలేదు. అంత చిన్న దూరం అది. ఒక బకెట్ వేడినీళ్లు, ఒక మారుబట్ట.

ఆ మూడు వేల మందికి అది దక్కలేదు. తర్వాత వాళ్లను విల్నియస్ లోని అంతాకల్నిస్ శ్మశానంలో గౌరవంగా ఖననం చేశారు. పేర్లు తెలియవు. ఏ ఊరివాడో, ఇంట్లో ఎవరు ఎదురుచూశారో తెలియదు. తెలిసింది గుండీ మీది అంకె ఒక్కటి. ఆ గుండీని కోటుకు గట్టిగా కుట్టి పంపిన చేతులు ఎవరివో గానీ, అదే కోటుకు ఓ జత తోడుగా పంపే వీలూ, దారిలో అది ఉతుక్కునే నీళ్లూ ఉండి ఉంటే, వాళ్లలో ఎంతోమంది 1813 వసంతంలో తమ ఇంటి గడప దాటి ఉండేవారు.